ఫ్లోరైడ్ విషమా, మందా? పిప్పి పళ్ల వెనకున్న అసలు లెక్క

ఈ మధ్య గుంటూరు, విజయవాడల్లో కిరాణా కొట్టుకొచ్చి "ఫ్లోరైడ్ లేని పేస్టుందా అండీ" అని అడిగేవాళ్లు కనిపిస్తున్నారు. ఎందుకని అడిగితే, అమెరికాలో ఫ్లోరైడ్‌ని బ్యాన్ చేశారట, పిల్లల తెలివితేటలు తగ్గిపోతాయట అంటూ ఫోన్లో వచ్చిన వీడియో చూపిస్తారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మనకి అమెరికా నుంచి ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు, వినుకొండ, బొల్లాపల్లి వైపో, కనిగిరి, దర్శి వైపో చుట్టాలున్న ఇళ్లలో గారపట్టిన గోధుమరంగు పళ్లు, వంగిపోయిన నడుములు అందరూ చూసినవే. మరోపక్క పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడమంటారు. ఇక ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరి మాటలోనూ నిజముంది, కాకపోతే రెండు వేరువేరు సంగతులు ఒకే పేరు కింద కలిసిపోయాయి. ఆ చిక్కు విప్పాలంటే ముందు పన్ను ఎలా పుచ్చుతుందో తెలియాలి. అది సరిగ్గా అర్థమైతే ఇంకొకటి కూడా తేలుతుంది. పిల్లాడి పళ్లు పుచ్చితే వాడి బద్ధకమనో, వాళ్లమ్మ పట్టించుకోలేదనో అనేస్తాం కానీ, వాడు ఏం తింటున్నాడు, రోజుకి ఎన్నిసార్లు తింటున్నాడు, వాడి బ్రష్ మీదకి ఏ పేస్టు వస్తోంది అన్నవి చాలావరకు బడి, హాస్టలు, వీధి చివర కొట్టు, ప్రభుత్వం వేసే జీఎస్టీ కలిసి తేలుస్తున్నాయి.

పన్ను పుచ్చడమంటే ఏం జరుగుతుంది

పొద్దున లేవగానే పళ్ల మీద నాలుకతో రాస్తే జిగటగా తగిలేదే పాచి. అందులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి. మనం చక్కెర, బెల్లం, బిస్కెట్, శీతల పానీయం ఏది తీసుకున్నా అందులోని తీపిని అవి కూడా తింటాయి, తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత పీహెచ్, ఆమ్లం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అలా పీహెచ్ 5.5 కంటే కిందికి పడిపోయినప్పుడు పన్ను పైపొర, అంటే ఎనామిల్, అందులోని కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. కాసేపటికి ఉమ్మి ఆ ఆమ్లాన్ని తగ్గించి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి పంటికి చేరుస్తుంది. పోవడం, రావడం రోజంతా జరుగుతూనే ఉంటుంది, మనకి తెలియదంతే.

పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ అయి అలాగే నెలలు గడిస్తే ముందు ఒక తెల్లటి మచ్చ వస్తుంది, సుద్దముక్కతో గీసినట్టు మెరుపు లేకుండా. ఆ దశలో ఇంకా గుంట పడలేదు, పన్ను తిరిగి గట్టిపడే అవకాశం ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. గుంట పడ్డాక మాత్రం పన్ను దానంతటది పూడదు. ఆ గుంట లోపలి పొరదాకా, అక్కణ్ణుంచి నరందాకా వెళితే అప్పుడు నొప్పి. అంటే నొప్పి అనేది ఈ కథలో దాదాపు చివరి ఘట్టం, మనం మాత్రం అక్కడే మొదలుపెడతాం.

పంట్లో పురుగు తీస్తామని పొగ పట్టేవాళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉన్నారు. పంట్లో పురుగు ఉండదు. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయం ఇంకా గట్టిగా ఉంది, దానివల్ల చీము పట్టిన పంటితో ఏళ్లతరబడి ఉండిపోయేవాళ్లున్నారు. కంటిచూపు నరం వేరు, పళ్లకి వెళ్లే నరం వేరు, ఒకదాన్ని తీస్తే రెండోది దెబ్బతినే దారి లేదు. చీముని అలాగే ఉంచుకోవడమే అసలు ప్రమాదం.

ఎంత తిన్నారని కాదు, ఎన్నిసార్లు తిన్నారని

తీపి ఎక్కువ తింటే పళ్లు పుచ్చుతాయన్నది అందరికీ తెలిసిందే. దానికంటే ముఖ్యమైనది ఎన్నిసార్లు అన్నది. ఒకసారి తీపి తగిలితే పంటి మీద ఆమ్లం పెరిగి, మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఒకేసారి మూడు లడ్డూలు తిన్నా ఒక దాడే, ఒక్క లడ్డూని మూడు ముక్కలు చేసి గంటకో ముక్క తింటే మూడు దాడులు.

మన రెండు ఊళ్లకి బాగా తెలిసిన ఉదాహరణ తీసుకుందాం, ఇంటర్ హాస్టలు. అయిదున్నరకి లేపి టీ ఇస్తారు. ఎనిమిదికి టిఫిను. పదకొండింటి బ్రేకులో క్రీమ్ బిస్కెట్లు. ఒంటిగంటకి భోజనం. నాలుగున్నరకి మళ్లీ టీ, బిస్కెట్. ఆరున్నరకి స్టడీ అవర్లో నిద్ర రాకుండా జేబులోంచి ఒక చాక్లెట్. ఎనిమిదికి భోజనం. పదిన్నరకి పడుకోబోయే ముందు చక్కెర వేసిన పాలు. మొత్తం ఎనిమిది సార్లు, ఒక్కోదానికి తక్కువలో తక్కువ అరగంట వేసుకున్నా రోజుకి నాలుగు గంటలు పళ్లు ఆమ్లంలో నానుతున్నాయి. అదే టీ టిఫిను పక్కనే ఇచ్చి, బిస్కెట్‌ని మధ్యాహ్న భోజనంతో, చాక్లెట్‌ని సాయంత్రం టీతో, పాలని రాత్రి భోజనంతో కలిపేస్తే నాలుగుసార్లవుతుంది, రెండు గంటలు. తిన్న చక్కెర ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. ఆ టైంటేబుల్ వేసింది పిల్లాడు కాదు కదా, వాడు ఎంత శ్రద్ధగా తోముకున్నా మిగతా రోజంతా ఆ గంటల చేతుల్లోనే ఉంటుంది.

పైగా ఆ చివరి పాలగ్లాసు అన్నిటికంటే చెడ్డది. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది, ఆమ్లాన్ని కడిగేది ఉండదు. మన ఇళ్లలో పొద్దున్నే పళ్లు తోముకోనిదే కాఫీ ముట్టరు, రాత్రి తోముకునే అలవాటు మాత్రం చాలా ఇళ్లలో లేదు. రెండిట్లో పంటికి ఎక్కువ అవసరమైంది రాత్రిదే.

తీపి ఎన్నిసార్లన్న లెక్కకి పాత ఆధారం ఒకటుంది, అది గొప్పగా చెప్పుకునేది కాదు. 1945 తర్వాత స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే మానసిక వికలాంగుల ఆసుపత్రిలో రోగులకి భోజనాల మధ్య జిగట టాఫీలు తినిపించి పళ్లు ఎలా పుచ్చుతాయో చూశారు. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్లకి పెద్దగా పెరగని పుచ్చు, మధ్యమధ్యలో టాఫీ తిన్నవాళ్లకి విపరీతంగా పెరిగింది. ఏం జరుగుతోందో చెప్పుకోలేని మనుషుల మీద అలా చేయడం అన్యాయమని తర్వాత ప్రపంచమంతా ఒప్పుకుంది. వాళ్ల పళ్లు పోయి మనకి తెలిసిన విషయమిది, అందుకే తేలిగ్గా తీసుకోకూడదనిపిస్తుంది నాకు.

ఇక మోతాదు సంగతికొస్తే, రోజూ తినే శక్తిలో విడిగా కలిపే తీపి పదిశాతం దాటకూడదని, అయిదు శాతం లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి పదిశాతమంటే 50 గ్రాములు, సుమారు పన్నెండు చెంచాలు. రెండేసి చెంచాల చక్కెరతో మూడు టీలు తాగితే అందులో సగం అక్కడే అయిపోయింది. బెల్లం, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తాయి. బెల్లంలో కాస్త ఇనుము ఉండొచ్చు గానీ, పంటి మీదున్న సూక్ష్మజీవులకి బెల్లమైనా చక్కెరైనా ఒకటే.

ఇక్కడే ఒక ఇబ్బందైన ప్రశ్న వస్తుంది. మన ప్రభుత్వ బడుల్లో పిల్లలకి బెల్లం వేసిన రాగిజావ, వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు. చిక్కీ పళ్ల సందుల్లో అంటుకుని చాలాసేపు ఉంటుంది, పంటి వైపు నుంచి చూస్తే మంచిది కాదు. కానీ రక్తహీనతతో, ఖాళీ కడుపుతో బడికొచ్చే పిల్లలకి ఆ పల్లీలు, ఆ రాగులు నిజంగా అవసరం. పోషకాహారం చూసేవాళ్లూ పంటి డాక్టర్లూ ఇద్దరూ తమతమ వైపు సరిగ్గానే మాట్లాడుతున్నారు. ఈ గొడవలో నాకు సబబుగా అనిపించేది ఒకటే, చిక్కీ మానెయ్యడం కాకుండా భోజనంతో పాటే తినేలా ఇవ్వడం, తిన్నాక నీళ్లు పుక్కిలించడానికి రెండు నిమిషాలు టైమివ్వడం. జేబులో పెట్టుకుని సాయంత్రందాకా కొరుక్కుంటూ తిరిగితే వచ్చే నష్టంలో చాలా భాగం అలా తగ్గుతుంది.

పాలపళ్లేగా, ఊడిపోయేవేగా

"ఏమ్మా, బాబుకి ఎన్నేళ్లు?" "రెండు నిండాయండి." "రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకునే పడుకుంటాడా?" "అవునండీ, లేకపోతే నిద్రపోడు." ఏ చిన్నపిల్లల డాక్టరు దగ్గర కూర్చున్నా వినపడే మాటలే ఇవి. ఆ బాబు పై పెదవిని వేలితో కొంచెం పైకెత్తి చూస్తే, ముందు పళ్ల మీద చిగురు అంచు వెంబడి సన్నని తెల్లగీత కనపడుతుంది. కొన్నాళ్లకి అది పసుపు, తర్వాత గోధుమరంగు, తర్వాత పళ్లు మొదళ్లదాకా విరిగి మోళ్లయిపోతాయి. కింది ముందు పళ్లు మాత్రం బాగానే ఉంటాయి, ఎందుకంటే పాలు తాగేటప్పుడు నాలుక వాటిని కప్పుకుని ఉంటుంది, ఉమ్మి కూడా అక్కడే ఎక్కువ ఊరుతుంది. పైవి పోయి కిందివి నిలిచాయంటే పాలసీసానో, తేనెలో ముంచిన పీకో కారణమని చూడగానే అనుమానం వస్తుంది.

ఊడిపోయే పళ్లకి ఇంత గొడవెందుకు అంటారు. పుచ్చిన పాలపంటితో పిల్లాడు నమలలేడు, రాత్రి నిద్రపోడు, బరువు పెరగడు. ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, తర్వాత వచ్చే శాశ్వత పంటికి చోటుండదు.

ఇంకొక పొరపాటు దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. ఆరేళ్లప్పుడు పాల దవడపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్తగా ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. కాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని మీద లోతైన గాళ్లుంటాయి, బ్రష్ పోగు కూడా సరిగ్గా దూరదు, పిల్లాడి చెయ్యి అంత వెనక్కి అందదు. అందుకే చిన్న వయసులోనే పుచ్చే శాశ్వత పళ్లలో ఇదే ముందుంటుంది. 2002-03లో దేశమంతా చేసిన పంటి ఆరోగ్య సర్వేలో పన్నెండేళ్ల పిల్లల్లో సగానికి పైగా పుచ్చు కనపడింది.

ఫ్లోరైడ్ చిక్కు

ఇప్పుడు మొదటి ప్రశ్నకొద్దాం. ఖనిజం పోతూ వస్తూ ఉంటుందని చెప్పుకున్నాం కదా, అలా తిరిగి వచ్చే టైములో పంటి పైన కాస్త ఫ్లోరైడ్ ఉంటే అది కూడా ఆ ఖనిజంలో కలుస్తుంది. అలా తయారైన పొర ఇంకా గట్టిది, పీహెచ్ 4.5 దాకా పడితే గానీ కరగడం మొదలుపెట్టదు. ఇదంతా పన్ను పైన జరిగే పని. దీనికోసం ఫ్లోరైడ్ కడుపులోకి వెళ్లక్కర్లేదు.

ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు, ఫ్లోరోసిస్, దాని దారి వేరు. అక్కడ ఫ్లోరైడ్ నీళ్లతో కడుపులోకి, రక్తంలోకి వెళుతుంది. చిగుళ్ల లోపల శాశ్వత పళ్లు తయారయ్యే వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల దాకా, అది ఎక్కువైతే ఎనామిల్ లోపంతోనే తయారవుతుంది. ముందు పళ్లకైతే మొదటి మూడు నాలుగేళ్లే కీలకం. అదే నీళ్లు దశాబ్దాలు తాగితే ఎముకల్లో పేరుకుని నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చిన కనిగిరి, దర్శి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లావే. అక్కడ రాళ్లలోంచి ఫ్లోరైడ్ కరిగి బోరునీళ్లలోకి వస్తుంది.

లెక్క వేసి చూస్తే తేడా ఎంతుందో తెలుస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుండాలి, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. ఒక ఊరి బోరులో లీటరుకి 3 మిల్లీగ్రాములుందనుకోండి. ఒక పిల్ల రోజుకి లీటరున్నర తాగితే నాలుగున్నర మిల్లీగ్రాములు, వంటలో పోసినవి కాకుండా. ఇప్పుడు పేస్టు చూద్దాం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు, అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. శనగ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము. రోజుకి రెండుసార్లు తోముకుని, ఒక్క చుక్క కూడా ఉమ్మకుండా మొత్తం మింగేసినా అర మిల్లీగ్రాము. ఉమ్మడం నేర్చుకోని చిన్నపిల్లలకి బియ్యపు గింజంత రాస్తే చాలంటారు, అందులో ఉండేది 0.1 మిల్లీగ్రాము. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పామి, తియ్యగా ఉందని పిల్లాడు రోజూ మింగేస్తుంటే మాత్రం ఆ లెక్క మారిపోతుంది. ఉప్పు చిటికెడు వేస్తే కూరకి రుచి, గుప్పెడు వేస్తే పారబొయ్యాల్సిందే, ఇదీ అంతే.

మరి అమెరికా సంగతేంటి? అక్కడ గొడవ పేస్టు గురించి కానే కాదు. 1945లో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్లో మొదలుపెట్టి, అక్కడ కుళాయి నీళ్లలో కావాలని ఫ్లోరైడ్ కలుపుతూ వచ్చారు, ఇప్పుడది లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. 2025లో యూటా, తర్వాత ఫ్లోరిడా రాష్ట్రాలు అలా కలపడాన్ని ఆపేశాయి. తెలివితేటల మాట వచ్చింది 2024లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఇచ్చిన ఒక నివేదిక నుంచి. నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట్ల పిల్లల ఐక్యూ కొంత తక్కువగా ఉండడానికి సంబంధం కనిపిస్తోందని అందులో ఉంది, 0.7 దగ్గర అలా జరుగుతుందో లేదో చెప్పడానికి సరిపడా ఆధారాలు లేవని కూడా అందులోనే ఉంది. వీడియోల్లో మొదటి సగమే వస్తుంది.

కలపాలా వద్దా అన్నదాని మీద చదువుకున్నవాళ్ల మధ్యే నిజాయితీగా భేదాలున్నాయి. కలపాలనేవాళ్లు కెనడాలోని కాల్గరీని చూపిస్తారు, 2011లో ఆపేసి, పిల్లల పళ్లు పాడవుతున్నాయని 2021లో ఓటింగ్ పెట్టి మళ్లీ కలపాలని తేల్చుకున్న ఊరది. వద్దనేవాళ్లు యూరప్‌ని చూపిస్తారు, అక్కడ చాలా దేశాలు నీళ్లలో కలపకుండానే పేస్టులతో పుచ్చుని బాగా తగ్గించుకున్నాయి. పేస్టు ఇంటింటికీ వచ్చాక నీళ్లలో కలపడం వల్ల వచ్చే లాభం చిన్నదేనని 2024లో పరిశోధనలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష కూడా తేల్చింది. మన దగ్గర మాత్రం ఎవరూ నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం లేదు, మన కష్టం చాలాచోట్ల దాన్ని తియ్యలేకపోవడం. కాబట్టి ఆ చర్చని ఎత్తి మన బాత్రూమ్‌లో ఉన్న పేస్టు ట్యూబు మీద పెట్టడం కుదరదు.

మన ఊళ్లకి దీని అర్థం ఏంటంటే, బెజవాడకి కుళాయిల్లో వచ్చేది కృష్ణ నీళ్లు, నది నీళ్లలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే ఉంటుంది. ఇళ్లకొచ్చే ఇరవై లీటర్ల టిన్నుల నీళ్లు ఆర్‌ఓ మిషన్లోంచి వస్తాయి కాబట్టి, ఉన్న ఆ కాస్త కూడా చాలావరకు పోతుంది. ఈ ఇళ్లలో పిల్లల పళ్లకి ఫ్లోరైడ్ అందే దారి పేస్టు ఒక్కటే, అది కూడా మానేస్తే ఆ రక్షణ ఉండదు. అదే పల్నాడు పడమటి ఊళ్లలో బోరునీళ్లు తాగే ఇంటికి ముందు చూడాల్సింది పేస్టు కాదు, నీళ్ల పరీక్ష. అలాంటి చోట ఉమ్మడం రాని పసిపిల్లలకి ఫ్లోరైడ్ పేస్టు ఆలస్యంగా మొదలుపెట్టాలనే డాక్టర్లున్నారు, బియ్యపు గింజంతే అయితే మొదటి పన్ను నుంచీ వాడొచ్చనేవాళ్లున్నారు. నీళ్లలో ఎంతుందో తెలియకుండా ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవడం కష్టం.

వేపపుల్ల, ఉప్పు, బొగ్గుపొడి

"మా తాతయ్య జన్మలో పేస్టు ముట్టలేదు, తొంభై ఏళ్లకి చెరుకు కొరికాడు" అని ప్రతి ఇంట్లో ఒకరంటారు. నిజమే అయ్యుంటుంది. ఆయన వేపపుల్లని చివర నమిలి కుంచెలా చేసుకుని, అరుగు మీద కూర్చుని పావుగంట తోముకునేవారు, పాచి బాగా పోయేది. ఆయన చిన్నప్పుడు జేబులో చాక్లెట్లు, పది రూపాయల మ్యాంగో డ్రింకులు కూడా లేవు. తీపి పండక్కి వచ్చేది. మనం ఆ పుల్లనొక్కదాన్ని ఇప్పటి తిండి మధ్యలో పెట్టి, అప్పటి ఫలితం రావాలంటున్నాం.

పుల్లలతో పాచి తగ్గుతుందని చిన్నచిన్న పరిశోధనలున్నాయి, బ్రష్ కొనలేని చోట పలుదోము పుల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1980ల్లోనే సమర్థించింది. వెనక దవడపళ్లకి సరిగ్గా అందకపోవడం, ఫ్లోరైడ్ లేకపోవడం దాని లోపాలు. బొగ్గుపొడి, కచ్చిక బూడిద, ఇటుకపొడి సంగతి వేరు, అవి గరుకు వల్ల ఎనామిల్‌ని అరగదీస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ పళ్లు జివ్వుమంటాయి. మూలికల పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు, కొన్నిటిలో ఉంటుంది. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో పీపీఎం అని ఉందో లేదో చూస్తేనే తెలుస్తుంది, ఫ్లోరైడ్ ఉంటే ఎంతుందో రాయడం తప్పనిసరి.

బడిలో తోమిస్తే ఏమవుతుంది

ఇన్నాళ్లూ మన దగ్గర బడిపిల్లల పళ్లంటే ఏడాదికోసారి క్యాంపు. డెంటల్ కాలేజీ నుంచి వ్యాను వస్తుంది, పిల్లల్ని వరసలో నిలబెట్టి నోట్లో టార్చి వేసి చూస్తారు, ఒక చీటీ మీద రాసిస్తారు, ఒక పేస్టు ఇస్తారు. విద్యార్థులు మనసుపెట్టే చేస్తారు. కానీ ఆ చీటీ పట్టుకుని కూలిపని మానుకుని ఆసుపత్రికి వెళ్లే తల్లిదండ్రులు ఎంతమంది? చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పంటి డాక్టరు ఉండరు, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీకో, గుంటూరు జీజీహెచ్‌కో రావాలి, ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం.

రెండో దారి రోజూ బడిలోనే తోమించడం. స్కాట్లాండ్‌లో చైల్డ్‌స్మైల్ అనే కార్యక్రమం కింద నర్సరీ పిల్లలందరికీ టీచర్ల ముందే రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో తోమిస్తున్నారు. అక్కడ ఒకటో తరగతి పిల్లల్లో కంటికి కనపడే పుచ్చు లేనివాళ్లు 2003లో 45 శాతం, 2020కి 74 శాతం. నర్సరీల్లో తోమించడానికైన ఖర్చు కంటే, తర్వాత వైద్యానికి తగ్గిన ఖర్చే ఎక్కువని లెక్కలు కట్టారు. అది చలిదేశం, డబ్బున్న దేశం అనొచ్చు. ఫిలిప్పీన్స్ మనలాంటిదే, అక్కడ బడుల్లో పిల్లలు గుంపుగా నిలబడి చేతులు కడుక్కోవడం, పళ్లు తోముకోవడం ఒకే పనిగా చేస్తారు. కుళాయిలు చాలనిచోట పొడుగాటి గొట్టానికి వరసగా బెజ్జాలు కొట్టి నీళ్లు వదులుతారు.

మన లెక్కలో చూద్దాం. నలభైమంది ఉన్న తరగతి. శనగ గింజంత పేస్టు రోజుకోసారి, 200 పనిదినాలు, పిల్లకి 50 గ్రాములు. నలభైమందికి రెండు కిలోలు, అంటే వంద గ్రాముల ట్యూబులు ఇరవై. ట్యూబు 60 రూపాయలనుకుంటే 1200. ఇరవై రూపాయల బ్రష్‌లు ఏడాదికి నాలుగేసి అంటే 3200. మొత్తం 4400, పిల్లకి 110 రూపాయలు. ఒక్క పిల్లకి ప్రైవేటు క్లినిక్‌లో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే అయ్యే వేల రూపాయల్లో తరగతి మొత్తానికి ఏడాది గడిచిపోతుంది.

అంత సులువైతే ఎందుకు జరగట్లేదంటే, అడ్డంకులు నిజమైనవే. టీచర్లకి ఇప్పటికే హాజరు యాప్, భోజనం ఫోటోలు, రికార్డులు, ఇంకో పని తగిలిస్తే పాఠం ఎప్పుడు చెప్పాలంటారు, అది న్యాయమైన ప్రశ్న. నలభై బ్రష్‌లు ఒకదానికొకటి తగలకుండా, బొద్దింకలు పాకకుండా ఎక్కడ పెట్టాలి? పిల్లలు బ్రష్‌లు మార్చేసుకుంటే? ఏప్రిల్‌లో కుళాయి రాకపోతే? ఇందులో నీళ్ల సమస్య అనుకున్నంత పెద్దది కాదు, తోముకున్నాక ఉమ్మేసి ఊరుకోవాలి, నీళ్లతో పుక్కిలిస్తే పంటి మీదున్న ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది. మిగతావాటికి మాత్రం మనిషి కావాలి. అంగన్‌వాడీల్లో మొదలుపెట్టడమే సబబని నా అభిప్రాయం, అక్కడ పిల్లలు తక్కువ, వయసు కూడా అలవాటు పడేది. కానీ అక్కడి టీచరు, ఆయా మీదా పని భారం తక్కువేం లేదు, వాళ్ల జీతాల సంగతి పక్కనపెట్టి ఇంకో బాధ్యత ఇస్తే అది కాగితం మీదే మిగులుతుంది.

జీఎస్టీ చేసే పని

2025 సెప్టెంబర్ 22 నుంచి పేస్టు, బ్రష్‌ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, గ్యాస్ నింపిన తియ్యటి డ్రింకుల మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, 12 శాతం సెస్ కలిసి పడిన 40 శాతాన్ని అలాగే ఉంచారు. పళ్ల వైపు నుంచి చూస్తే రెండూ మంచి నిర్ణయాలు. అదే రోజున బిస్కెట్లు, చాక్లెట్లు కూడా 18 నుంచి 5కి దిగాయి, గ్యాస్ లేని పండ్లరసం డ్రింకులు 12 నుంచి 5కి దిగాయి. సీసా సోడా మీద పన్ను మారలేదు, పక్కనే ఉన్న మ్యాంగో డ్రింకు మీద మాత్రం తగ్గింది. తీపి వస్తువులన్నిటి మీదా జీఎస్టీ పెంచాలని ఆరోగ్యం చూసేవాళ్లు అంటారు. అలా పెంచితే ఆ భారం ముందు పడేది అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌తో ఒక పూట సర్దుకునే కూలివాళ్ల మీదే అన్నది ఎదుటి వాదన. ఆ ప్యాకెట్ కొందరికి చిరుతిండి కాదు, టిఫిను. బడి గేటు దగ్గర బండి మీద ఏం అమ్మాలన్నది స్థానికంగా తేల్చుకోగలిగిన విషయం, అక్కడ చెరుకు రసం, ఐస్‌ల పక్కన ఉడకబెట్టిన శనగలు, జామకాయలు కూడా ఉంటే పిల్లాడి చేతిలోని పది రూపాయలకి ఇంకో దారి ఉంటుంది.

ఇప్పటికే పుచ్చినవాటికి

డ్రిల్లు శబ్దం, సూది లేకుండా పుచ్చుని ఆపే పద్ధతులు ఇప్పుడున్నాయి, వీటిగురించి మన దగ్గర తక్కువమందికి తెలుసు. ఒకటి ఎస్‌డీఎఫ్, వెండి, ఫ్లోరైడ్ కలిసిన ద్రవం. పుచ్చిన చోట చిన్న కుంచెతో ఒక్క చుక్క రాస్తే సూక్ష్మజీవులు చచ్చి, మెత్తబడిన భాగం గట్టిపడుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని, ఫ్లోరైడ్ పేస్టునీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇంకొకటి, మెత్తటి పుచ్చుని చేతి పరికరంతో గీకేసి గ్లాస్ అయనోమర్ అనే సిమెంటుతో పూడ్చడం, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. ఆరేళ్లప్పుడు వచ్చే ఆ దవడపంటి గాళ్లని పుచ్చకముందే పలచటి పొరతో మూసే సీలెంట్లు మూడోది.

ఎస్‌డీఎఫ్‌తో ఒక చిక్కుంది, రాసిన చోట పన్ను నల్లగా మారిపోతుంది, ఆ నలుపు పోదు. దవడపళ్లయితే ఎవరూ పట్టించుకోరు. మూడేళ్ల పాపకి ముందు పళ్లు నాలుగూ నల్లబడతాయంటే ఏ తల్లికైనా గుండె కలుక్కుమంటుంది, బంధువుల మాటలు పడాల్సిందీ ఆమే. మత్తిచ్చి పళ్లన్నీ బాగుచేయించే స్తోమత ఉన్నవాళ్లు ఆ దారి ఎంచుకుంటారు, లేనివాళ్లకి నొప్పి, నలుపు ఈ రెండిట్లో ఒకటి. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ఆ పళ్లు ఊడిపోయి తెల్లవి వస్తాయని, ఈలోపు నొప్పి లేకుండా తింటుందని ముందే కూర్చోబెట్టి, నలుపెక్కిన పళ్ల ఫోటో చూపించి చెబితే ఒప్పుకునే తల్లులున్నారు. చెప్పకుండా రాసేసి పంపిస్తే ఆ తల్లి మళ్లీ ఆ గడప తొక్కదు. ఇవన్నీ కుర్చీ, మిషన్లు లేకుండా చేయగలిగినవి కాబట్టి, క్యాంపుకొచ్చే వ్యాను చీటీ రాసిచ్చి వెళ్లిపోకుండా ఆ పూటే, ఆ బడి బెంచీ మీదే, తల్లిదండ్రుల్ని కూడా పిలిచి ఆ పని పూర్తిచేయొచ్చు.